రాయించినామె

రచయితల ఇంట్లో పుట్టినవాళ్లకు మొదట అబ్బే విద్య టీ గ్లాసులు కడగడం. నాకు అ ఆలు రాకముందే అది వచ్చేసింది. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి, బెంగాల్‌లో గంగ ఒడ్డునున్న గార్డెన్ రీచ్‌లోని మా రెండు గదుల ఇంట్లో ముందు గది సంఘానిదైపోయేది. వెనక గదీ, వంటిల్లూ, గ్లాసులూ మావి. సంఘమంటే గంగాతీర ఆంధ్ర రచయితల సంఘం. దాన్ని పెట్టింది మా నాన్న కూర్మయ్య. పగలంతా పోర్టు గోదాముల్లో బస్తాలకు నంబర్లు వేసి, సాయంత్రం ఇంటికొచ్చి కథలు రాసేవాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. చప్పుడు కాకుండా గిన్నెలు తోమడం కూడా ఒక కళేనని ఏ సంఘమూ ఇంతవరకు గుర్తించలేదు.

పోయినేడు వానాకాలంలో ఆ సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. నాకు పెళ్లయి పాతికేళ్లుగా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉంటున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని కబురొస్తే, కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, మా ఆయన వంట ఆయనకే వదిలేసి, దసరాకి జరిగే పూజో దాకా ఉండి వద్దామని వచ్చాను. వచ్చిన మొదటి ఆదివారమే గ్లాసులు మళ్లీ నా చేతికొచ్చాయి. నలభై ఆరేళ్లొచ్చినా ఆ ఇంట్లో నా హోదా ఏమీ మారలేదు.

మారిందల్లా గ్లాసుల లెక్క. నా చిన్నప్పుడు పోర్టు నుంచి, రైల్వే నుంచి, కార్పొరేషన్ నుంచి నలభైమంది వచ్చి గుమ్మం బయట కూడా కూర్చునేవాళ్లు. ఇప్పుడు తొమ్మిది గ్లాసులు చాలు. ఆ తొమ్మిదిమందిలో కలం పట్టుకునేవాళ్లు నలుగురు, మిగతావాళ్లు చప్పట్లకు. వాళ్ల పిల్లలకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. వాళ్లననడం ఎందుకు, బెంగాలీ బడిలో చదివినదాన్ని నాకే కూడబలుక్కుంటే గాని రాదు. కొత్తగా చేరినవాడు రఘురాం ఒక్కడే. నల్గొండ కుర్రాడు, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చేవాడు. యాభై ఏళ్ల సంచిక వేద్దామన్నది అతనే. టైపు కూడా తనే చేస్తానన్నాడు.

అందులో మొదట ఏం వెయ్యాలన్న చర్చే రాలేదు. 'చెప్పులు' వెయ్యాలి. నాన్న రాసిన ఒక పేజీ కథ అది. ఊళ్లో ఉన్న తల్లికి కూతురు రాసే ఉత్తరం. తండ్రి పోయాడన్న మాట ఎక్కడా రాయకుండా ఆ సంగతి తల్లికి తెలియజేస్తుంది. డెబ్భై నాలుగులో నాన్న దాన్ని నలుగురు స్నేహితులకు చదివి వినిపిస్తే, వాళ్లు కళ్లు తుడుచుకుని, ఇలాంటివి రాసుకోవడానికి మనకో సంఘం ఉండాలన్నారట. అదీ సంఘం పుట్టుక. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది మల్లేశు చిన్నాన్న ఒక్కడే. ఆ తర్వాత నాన్న చాలా రాశాడు గాని, ఖరగ్‌పూర్ నుంచి విశాఖ దాకా ఎవరినడిగినా ఆయన్ని 'చెప్పులు' కూర్మయ్య అనే అంటారు. పూజోకి ముందు ఆదివారం సభ పెట్టి, విశాఖ నుంచి పెద్దల్ని పిలిచి, ఆ కథ రాసినందుకు నాన్నకు శాలువా కప్పాలని తీర్మానించారు. నాన్న వద్దు వద్దంటూనే శాలువా ఏ రంగని అడిగాడు.

ఆ కథను నేను ఎన్నడూ పూర్తిగా వినలేదు. ఆయన చదివే వేళకు సరిగ్గా టీ మరిగేది.

ఆషాఢం చివర మూడు రోజులు ఆగకుండా కురిసింది. గట్టి వాన పడితే గంగకూ మా వీధికీ తేడా ఉండదు. రెండో రోజు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బియ్యం డబ్బా, గ్యాసు సిలిండరు, అమ్మ మందులు మంచం మీదికి చేర్చాం. బీరువా కింది అరలో సంఘం లిఖిత పత్రికలున్నాయని నాన్నకు మర్నాడు గాని గుర్తు రాలేదు. అన్నీ చేత్తో రాసినవి, ఒక్కొక్కటే ప్రతి. తీసి చూస్తే మొదటి సంచిక నిండా నీలం మరకలు. 'చెప్పులు' ఉన్న పేజీలో పైన కథ పేరూ, కింద కూర్మయ్య అన్న సంతకమూ మిగిలాయి. మధ్యలో కథ లేదు.

నాలుగు రోజులు ఆ కాగితాలను ఫ్యాను కింద ఆరబెట్టి చూసుకున్నాక, రాసినవాణ్ణి నేనే కదా, మళ్లీ రాస్తానన్నాడు నాన్న. కూర్చున్నాడు. రాశాడు, చింపాడు. మళ్లీ రాశాడు, మళ్లీ చింపాడు. తను రాసింది తనకే రాకపోవడమేమిటని నేను వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు. ఎంత అయ్యిందని రఘురాం రోజూ సాయంత్రం ఫోన్లో మర్యాదగా అడిగేవాడు, నాన్న అంతే మర్యాదగా రేపనేవాడు. ఆ కథ దొరక్కపోతే సంచికా లేదు, సభా లేదు. మతిమరుపు వస్తోందేమోనని ఆయన లోపల భయపడుతున్నాడని నాకు అర్థమైంది. ఎగతాళి చేసినందుకు సిగ్గేసింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి కూర్చోబెట్టి, కుదిరిందని చెప్పి చదివాడు. "మాతృమూర్తీ, చంద్రకాంతిలో నాయనగారి తోలు చెప్పులు గుమ్మం చెంత మౌనంగా మెరుస్తున్నవి."

నాకు పెద్దగా నచ్చలేదు గాని బాగుందన్నాను.

"అలగ కాదు," అని వంటింట్లోంచి వినపడింది.

సంఘం వ్యవహారంలో మా అమ్మ నోరు విప్పడం నేను వినడం అదే మొదటిసారి. మా అమ్మ అప్పలకొండమ్మ కార్పొరేషన్‌లో నలభై ఏళ్లు వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. నాన్న విసుగ్గా, మరెలాగో నువ్వే చెప్పమన్నాడు.

"నాకాడ ఉన్నాది," అంది అమ్మ. మోకాళ్లు పట్టుకుంటూ వెనక గదిలోకి వెళ్లి, చీరల పెట్టె అడుగునుంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ పుస్తకం నాకు తెలుసు. నేను స్కూల్లో ఉన్నప్పుడు, తొంభై రెండు ప్రాంతాల్లో, కార్పొరేషన్ పనివాళ్లకు డ్యూటీ అయ్యాక చదువు చెప్పేవాళ్లు. అమ్మ అక్కడ బెంగాలీ అక్షరాలు నేర్చుకుంది. నాన్న మా వీధి పిల్లలందరికీ తెలుగు నేర్పేవాడు గాని, అది ఆదివారం పొద్దుట. ఆ వేళకు అమ్మ చీపురు పట్టుకుని వీధిలో ఉండేది. నాన్నకు బెంగాలీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బస్సు మీది పేరు కూడా పక్కవాళ్లను అడుగుతాడు. అలా మా ఇంట్లో మొగుడికీ చదువొచ్చు, పెళ్లానికీ చదువొచ్చు, ఒకరు రాసింది ఒకరికి రాదు.

తెరిచాను. గుండ్రటి బెంగాలీ అక్షరాలు, పెన్సిలుతో గట్టిగా నొక్కి రాసినవి. మొదటి వరసలో 'బాన' అని కనపడింది. బెంగాలీలో బాన్ అంటే వరద. క్లాసులో వరద మీద వ్యాసం రాయించారు కాబోలనుకున్నాను. తర్వాతి మాట బెంగాలీ కాదు. ఆ తర్వాతిదీ కాదు. ఏమిటో తెలియక పైకి చదివాను. "అమ్మా, బానలు పడతన్నాయి."

ఆకాశం నుంచి బానలు పడటమేమిటని నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆగిపోయాను. నేను చదివింది తెలుగు.

"బానలు కాదే గుంటా, వానలు," అంది అమ్మ. "బెంగాలీలో వ నేదు గదా. బ రాసి నెత్తి మీద సుక్కెట్టినాను, సూడు."

చుక్క ఉంది. మళ్లీ మొదటినుంచి చదివాను.

"అమ్మా, వానలు పడతన్నాయి. నాన్న పన్లోకెల్లడం మానీసి పది దినాలైనాది. ఆయన సెప్పులు గుమ్మం కాడే ఉన్నాయి. ఎడం కాలి సెప్పు పట్టీ తెగిపోతే తీగెట్టి కట్టుకున్నాడు, అది నీకు తెల్దు గదా. రబ్బరు సెప్పులే గానీ వానకి తడిసిపోతన్నాయని మనసొప్పుకోట్నేదు. లోపలెట్టుదామంటే సెయ్యి రాట్నేదు. ఒకపాలి లోపలెట్టీసినామంటే మరి బయటికి తియ్యక్కర్నేదు. నువ్వొచ్చి నువ్వే లోపలెట్టు. వచ్చినప్పుడు తమ్ముణ్ణి తేకు. సెప్పులు సూసి, నాన్నేడని అడుగుతాడు."

కింద ఒక గీత గీసి ఇంకొక వాక్యం రాసుంది. "ఇది మా యమ్మకి నాను రాయించిన ఉత్తరం. రాసినాయన కూర్మయ్య."

నాన్న కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదువుతుంటే సగం నుంచి ఆయన పెదవులు నాతో పాటు కదిలాయి.

నాకు అప్పటికి విషయం అర్థమైంది. పెళ్లికి ముందు నాన్న ఆదివారాలు చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడని తెలుసు. మా తాతయ్య సోములు కార్పొరేషన్‌లో కాలువలు తీసేవాడనీ, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడనీ, ఆ ఉద్యోగమే అమ్మకిచ్చారనీ తెలుసు. అప్పుడు అమ్మకు ఇరవై ఏళ్లు. అమ్మమ్మ ఊళ్లో ఉంది. ఆ కబురు ఊరికి పంపడానికి అమ్మ ఎవరి దగ్గరికి వెళ్లి ఉంటుందో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆమె చెప్పింది, ఆయన రాశాడు. మాటలు బాగున్నాయని ఇంకో కాగితం మీద ఎత్తి రాసుకున్నాడు. స్నేహితులకు చదివాడు. మరుసటేడు ఇద్దరికీ పెళ్లయింది.

"అచ్చులో నా పేరెయ్యాల," అంది అమ్మ.

"రాసింది నేను గదా," అన్నాడు నాన్న. గొడవకు అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అన్నాడు.

"రాసినావు. నాను రాయించినాను."

అంతే. లేచి వెళ్లి పొయ్యి మీది అన్నం చూసుకుంది. మూడు రోజులు గడిచాయి. నాన్న వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు, కాగితాల జోలికి మాత్రం పోలేదు. నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఆయన ముఖం చూస్తే జాలీ వేసింది. చిన్నప్పటినుంచీ టీ గ్లాసులందించిన గది మీద కూడా కోపమొచ్చింది. మా అమ్మ ఇన్నేళ్లూ తన ఉత్తరాన్ని తలుపు చాటునుంచి విని, జనం చప్పట్లు కొడుతుంటే టీ వడగట్టి పంపింది.

ఆదివారం మల్లేశు చిన్నాన్న, రఘురాం వచ్చారు. సంగతి విని రఘురాం నోటుబుక్కును రెండు చేతులతో పట్టుకున్నాడు. "అక్కా, ఒక్కసారి మళ్లీ చదువవా, ఫోన్ల రికార్డు చేస్కుంట," అన్నాడు. మల్లేశు చిన్నాన్న మాత్రం ఒప్పుకోలేదు. ఇది బెంగాలీ అక్షరాలతో ఉందనీ, మన సంఘం యాభై ఏళ్లు పాటుపడింది తెలుగు అక్షరాల కోసమేననీ అన్నాడు. ఆహ్వానాలు కూడా వెళ్లిపోయాయన్నాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"వదినా, విశాఖ నుండి పెద్దలొస్తన్నారు. ఆల ముందు కూర్మయ్యని దొంగని సేస్తావేటి?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. సంఘం కూర్చునే గదిలోకి అప్పుడు కూడా అడుగు పెట్టలేదు.

"దొంగని నానన్నేదు," అంది. "ఆయన రాయకపోతే ఆ మాటలు నా కడుపులోనే ఉండిపోయీవి. కానీ మల్లేశూ, అందరూ కూర్మయ్య సెప్పులు, కూర్మయ్య సెప్పులంతారు. అయి మా నాన్నవి. సోములు సెప్పులని ఒక్కలన్నారా? మొన్న ఆయన తోలు సెప్పులని రాసినాడు. మా నాన్న జన్మలో తోలు సెప్పెరగడు. నాను పోనాక ఇంకేటి రాస్తారో."

నేను టీ పళ్లెం పట్టుకుని మధ్యలో నిలబడిపోయాను. నాన్న అధ్యక్షుడి హోదాలో, ఈనాటి సమావేశం ముగిసిందని ప్రకటించాడు. టీ ఎవరూ తాగలేదు.

మర్నాడు అమ్మ మందులకు నేను బయల్దేరితే నాన్న కూడా గొడుగు తీసుకుని వచ్చాడు. మందుల షాపులో జనం ఉన్నారు. బెంచీ మీద కూర్చున్నాం.

"నేను దొంగతనం చెయ్యలేదు జ్యోతీ," అన్నాడు. "మొదట్లో ఎవరైనా అడిగితే, ఒక అమ్మాయి చెప్పిందని చెప్పేవాణ్ణి. తర్వాత ఎవరూ అడగలేదు. చదివి చదివి, నాదే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను." గొడుగు నేలకానించి, "అది నాది కాకపోతే, ఇన్నాళ్లూ నేను రాసిందేటి?" అన్నాడు.

డెబ్భై ఆరేళ్ల మనిషి అలా అడిగాడు. మందుల చీటీ మడిచి, మళ్లీ విప్పాను. ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను, అలవాటు లేక ఊరుకున్నాను. షాపువాడు దాదా అని రెండుసార్లు పిలిచాక గాని ఆయన లేవలేదు.

ఆ సాయంత్రం నోటుబుక్కు తీసుకురమ్మన్నాడు. నేను చదువుతుంటే తెలుగులో రాసుకున్నాడు. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. 'సెప్పులు' దగ్గర ఆయన కలం ఆగింది. చెప్పులని దిద్దబోయి అమ్మ వైపు చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. అలాగే ఉంచాడు. 'మానీసి' ఉంచాడు, 'రాట్నేదు' ఉంచాడు. ఒక్క మాట ముట్టుకోలేదు. పూర్తయ్యాక కింద ఎవరి పేరు రాస్తాడోనని నేను చూస్తూనే ఉన్నాను. ఏమీ రాయకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడిగితే, అది రఘురాంకు విడిగా చెప్పి టైపు చేయిస్తానన్నాడు. అమ్మ అడగలేదు. ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పే మనిషి కాదు.

ప్రెస్సు కాలేజ్ స్ట్రీట్ దగ్గర. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు లేరు, పేజీల అంకెలు చూసి అచ్చు వేస్తారు. ప్రూఫులు తను తెస్తానని రఘురాం ఎంత చెప్పినా వినకుండా, నాన్న ఆ వానల్లో మూడుసార్లు బస్సెక్కి ఒక్కడే వెళ్లొచ్చాడు. ఆయన లేనప్పుడు ఒకరోజు మల్లేశు చిన్నాన్న వచ్చి, ముందు గదిలో కాక వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. వెళ్లేముందు, "సోములు మావని నానెరుగుదును వదినా. తీగె కట్టిన ఆ సెప్పు నానూ సూసినాను," అన్నాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకో గ్లాసు టీ పొయ్యమని నాకు చెప్పింది.

సభ రోజు మధ్యాహ్నం రఘురాం పుస్తకాల కట్టలు క్యాబులో వేసుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న కట్ట విప్పి, పైదాన్ని పక్కన పెట్టి, రెండోది తీసి నాకిచ్చాడు. మొదటి పేజీ తిప్పాను. పెద్ద అక్షరాలతో 'సెప్పులు'. దాని కింద ఒక వరస, ఆ వరస కింద చిన్న అక్షరాలతో ఇంకో వరస. కూడబలుక్కుని చదివాను. పై వరస, 'సోములు కూతురు అప్పలకొండమ్మ రాయించినది'. కింది వరస, 'దస్తూరి: కూర్మయ్య'. పాత పత్రాల్లో, ఇంకొకరి మాటను చేత్తో రాసిపెట్టినవాడు చివర తన పేరుకు ముందు పెట్టుకునే మాట అది. నాకు ఏడుపొచ్చింది. రఘురాం చూడకుండా అటు తిరిగాను.

అమ్మ నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఏదీ, నా పేరేది?" అంది.

నేను చూపించబోయాను. ఈలోగా నాన్న వచ్చి మంచం మీద ఆమె పక్కన కూర్చుని, పై వరస కింద వేలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా జరిపాడు.

"ఇంత పొడుగున్నాదేటి నా పేరు?" అంది అమ్మ.

నాన్న వేలు మళ్లీ వరస మొదటికి తెచ్చాడు.

"ఇక్కడిదాకా మీ నాన్న," అన్నాడు. "ఇక్కణ్ణుంచి నువ్వు."

అమ్మ ఆ మొదటి మాట మీద తన వేలు పెట్టింది. సభకు వేళవుతోందని రఘురాం రెండుసార్లు పిలిచినా తియ్యలేదు.